కోల్డ్ బ్రూ యంత్రం కొనాలా? ముందు కార్డు బాకీ సంగతి చూడండి

ప్రశ్న: మేం హైదరాబాద్ నల్లగండ్లలో ఉంటాం. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగులం. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1,35,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి రుణం వాయిదా 48,000. నాకు కోల్డ్ బ్రూ కాఫీ, అంటే పొడిని చల్లటి నీళ్లలో గంటల తరబడి నానబెట్టి తీసేది, అలవాటైంది. నెలకు 14 సార్లు తాగుతున్నాను, ఒక్కోటి 280 రూపాయలు పడుతోంది. అందులో ఆరు ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో తెప్పించుకునేవి, మిగతా ఎనిమిది ఆఫీసు దగ్గర స్నేహితులతో కలిసి తాగేవి. ఇంట్లోనే చేసుకోవచ్చని 18,990 రూపాయల కరెంటు యంత్రం ఒకటి చూశాను. వడ్డీ ఉండదని చెప్పే తొమ్మిది నెలల నో-కాస్ట్ ఈఎంఐలో నెలకు 2,110 కడితే సరిపోతుందట. ఆరు నెలల్లో ఆ డబ్బు తిరిగి వచ్చేస్తుందని నా లెక్క. మావారు అనవసరం అంటున్నారు. ఎవరి మాట సరైనది? అన్నట్టు, జూన్‌లో బాబు స్కూలు ఫీజు క్రెడిట్ కార్డుతో కట్టాం. ఇంకా 32,000 బాకీ ఉంది. ప్రతి నెలా కనీస మొత్తం కడుతున్నాం. పొదుపు ఖాతాలో 85,000 ఉంది కానీ అత్యవసరానికని ముట్టుకోవడం లేదు.
— నల్లగండ్ల నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీరు "అన్నట్టు" అంటూ చివర్లో రాసిన మాటే నన్ను ముందు ఆపింది. కాఫీ సంగతికి తప్పకుండా వస్తాను, దాని మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది. ముందు ఆ 32,000 చూద్దాం.

కార్డు బాకీ మీద వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం. మీ కార్డుకు ఎంతో స్టేట్‌మెంటులో ఉంటుంది, తీసి చూడండి. 32,000 మీద 3.5 శాతం అంటే 1,120 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 202. మొత్తం నెలకు 1,320 రూపాయలు పైచిలుకు. ఏడాదికి 42 శాతం వడ్డీ అన్నమాట. అదే సమయంలో పొదుపు ఖాతాలోని డబ్బుకు ఏడాదికి మూడు శాతం వచ్చినా, అందులో 32,000 మీద మీకు దక్కేది నెలకు 80 రూపాయలు. ఒక చేత్తో 80 తీసుకుంటూ ఇంకో చేత్తో 1,320 కడుతున్నారు.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. కార్డులో పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మీరు తెప్పించుకునే 280 రూపాయల కాఫీ కూడా ఆ కార్డు మీదే అయితే, దాని ధర ఇక 280 కాదు.

అందుకే ఈ వారమే ఆ 85,000 లోంచి 32,000 తీసి బాకీ మొత్తం కట్టేయండి. అత్యవసరానికని పెట్టుకున్న డబ్బును తాకడానికి మనసు ఒప్పదని తెలుసు. ఆ నియమం పెట్టుకున్నందుకు మిమ్మల్ని మెచ్చుకుంటున్నాను కూడా. కానీ 42 శాతం వడ్డీ నడుస్తుండటం కూడా అత్యవసరమే. ఖాతాలో 53,000 మిగులుతుంది. జీతం ఆగిపోయే అత్యవసరం వస్తే మీ ఖర్చులకు అది చాలదు, ఇంటి వాయిదా ఒక్కటే 48,000 కదా. కాబట్టి తీసిన మొత్తాన్ని ఏడాదిలోగా తిరిగి నింపాలి. ఎలాగో కాఫీ లెక్కలో చెబుతాను.

ఆరు నెలల్లో యంత్రం ధర తిరిగొస్తుందన్న మీ లెక్క ఎలా వచ్చిందో ఊహించగలను. ఇంట్లో చేసుకుంటే గ్లాసు 45 రూపాయలు పడుతుంది, బయట 280, కాబట్టి గ్లాసుకు 235 మిగులు. 14 గ్లాసులకు నెలకు 3,290. 18,990ని దానితో భాగిస్తే ఆరు నెలల లోపే. కూడికలు, భాగహారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయితే ఆ 14లో ఎనిమిది స్నేహితులతో కలిసి తాగేవని మీరే రాశారు. మధ్యాహ్నం నాలుగింటికి నలుగురూ లేచి కిందికి వెళ్తుంటే, మీరు ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాతో కుర్చీలోనే ఉండిపోతారా? ఉండరు, ఉండాలని నేను కోరుకోవడం లేదు కూడా. అక్కడ మీరు డబ్బు పెడుతున్నది కాఫీకి మాత్రమే కాదు, ఆ అరగంట కబుర్లకు. ఇంట్లో ఎంత మంచి యంత్రం పెట్టినా ఆ అరగంటను ఇవ్వలేదు.

కాబట్టి యంత్రం నిజంగా ఆపగలిగేది ఇంటికి తెప్పించుకునే ఆరు కాఫీలనే. వాటి మీద మిగులు నెలకు 1,410. ఆ లెక్కన 18,990 తిరిగి రావడానికి పదమూడున్నర నెలలు పడుతుంది, అదీ మధ్యలో యంత్రం పాడవకుండా ఉంటే, మోజు తగ్గకుండా ఉంటే.

ఇంకో ప్రమాదం ఉంది. సలహా కోసం నా దగ్గరికి వచ్చిన ఇళ్లలో చాలాసార్లు చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఫ్రిజ్‌లో ఎప్పుడూ కాఫీ సిద్ధంగా ఉంటే తాగేవాళ్లు పెరుగుతారు. మీరు రోజుకో గ్లాసు, మీవారు రోజుకో గ్లాసు అలవాటు పడ్డారనుకోండి. నెలకు 60 గ్లాసులు, గ్లాసుకు 45 చొప్పున 2,700 రూపాయలు. ఆఫీసు దగ్గరి ఎనిమిదికి ఎలాగూ 2,240. మొత్తం 4,940. ఇప్పుడు మీరు పెడుతున్నది 3,920. గ్లాసు ధర ఆరో వంతుకు పడిపోయినా ఇంటి ఖర్చు వెయ్యి రూపాయలు పెరిగింది. అంత కాఫీ తాగడం ఇష్టమై, తెలిసి పెట్టే ఖర్చయితే నాకు అభ్యంతరం లేదు. పొదుపు అనుకుంటూ పెట్టకూడదనే నా పట్టుదల.

ఇక నో-కాస్ట్ ఈఎంఐ. బ్యాంకు వడ్డీ వేయడం మానదు. ఆ వడ్డీకి సరిపడా మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపిస్తారు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. ఉదాహరణకు ఏడాదికి 15 శాతం చొప్పున తొమ్మిది నెలలకు మీ యంత్రం మీద వడ్డీ దాదాపు 1,135 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ 204, అది మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే జీఎస్టీతో కలిపి 235. రెండూ కలిపి సుమారు 440 రూపాయలు. పెద్ద మొత్తం కాదు. నన్ను బాధపెట్టేది ఇంకొకటి: ఈ 2,110 వాయిదా మొత్తం ప్రతి నెలా మీ కార్డు కనీస చెల్లింపులో కలుస్తుంది. ఇప్పటికే కనీస మొత్తం దగ్గర ఆగిపోతున్న కుటుంబానికి అది మరో బరువు. నాలుగో నెలలో ఏ ఆసుపత్రి ఖర్చో వచ్చిందంటే వాయిదా తప్పుతుంది, అక్కడి నుంచి 42 శాతం వడ్డీ దీనికీ అంటుకుంటుంది. ఎప్పుడైనా ఇలాంటి వస్తువు కొనాలనుకుంటే దుకాణంలో ఒక ప్రశ్న అడగండి: "ఒకేసారి కడితే ఆ వడ్డీ తగ్గింపు నాకు ఇస్తారా?" వచ్చే జవాబును బట్టి అసలు ధర ఎంతో తెలిసిపోతుంది.

మరి కాఫీ మానేయాలా? అక్కర్లేదు. కోల్డ్ బ్రూకి కావలసింది కరెంటు కాదు, ఒక రాత్రి సమయం. బరకగా పట్టిన పొడిని చల్లటి నీళ్లలో 12 నుంచి 16 గంటలు నానబెట్టి వడకట్టడమే. వేడినీళ్లు నిమిషాల్లో లాగేసే చేదు, పులుపు చల్లటి నీళ్లలో అంతగా దిగవు, అందుకే ఆ మెత్తటి రుచి. ఐస్డ్ కాఫీ వేరు, అది వేడిగా తీసిన డికాక్షన్‌ను ఐసు మీద పోయడం. మీ ఇంట్లో స్టీలు ఫిల్టరు ఉంటే ఐస్డ్ కాఫీ యంత్రం ఇప్పటికే ఉన్నట్టు. నిమిషాల్లో కోల్డ్ బ్రూ చేస్తామనే కరెంటు యంత్రాలు మీకు అమ్ముతున్నది ఆ రాత్రిని ఆదా చేసే వేగాన్ని. ముందురోజు రాత్రి గుర్తుపెట్టుకోగలిగితే ఆ వేగానికి 18,990 పెట్టనక్కర్లేదు.

మా ఇంట్లో మేం చేసే పద్ధతి చెబుతాను. రాత్రి భోజనాలయ్యాక లోతైన స్టీలు గిన్నెలో లీటరు తాగునీరు పోసి, 80 గ్రాముల పొడి వేస్తాం. పొడి వెంటనే మునగదు, పైన మందంగా తెట్టులా తేలుతుంది. గరిటెతో నెమ్మదిగా అదిమి తడిపి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడతాం. మర్నాడు పొద్దున జల్లెడ మీద తడిపిన మల్లు గుడ్డ పరిచి వడపోస్తాం. గుడ్డను పిండకూడదు, పిండితే మడ్డి దిగుతుంది. పొడి తన బరువుకు రెట్టింపు నీళ్లు పట్టుకుంటుంది కాబట్టి లీటరుకు 840 మిల్లీలీటర్లు, అంటే నాలుగు గ్లాసులు వస్తాయి. పొడి గ్రాము రెండు రూపాయలైతే గ్లాసుకు 40, పాలు, పంచదారకు ఇంకో ఐదు. మీ లెక్కలో నేను వేసిన 45 అదే. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు బాగుంటుంది, పాలు కలిపితే మాత్రం ఆ పూటే తాగేయాలి.

పొడి విషయంలో జాగ్రత్త. ఇంట్లో ఫిల్టరు కాఫీకి వాడే పొడి పనికిరాదు. అందులో సాధారణంగా చికోరీ అనే వేరు పొడి కలుస్తుంది, పైగా మెత్తగా ఉండి గుడ్డలోంచి జారి అడుగున బురదలా పేరుకుంటుంది. గింజలు కళ్ల ముందే మరపట్టి ఇచ్చే కాఫీ పొడి దుకాణాలు మన నగరంలో ఉన్నాయి. చికోరీ లేకుండా, ఉప్మా రవ్వ కన్నా కాస్త పెద్ద పలుకుగా పట్టమని అడగండి. చిక్కమగళూరు, కొడగు గింజలైనా సరే, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు అరబికా అయినా సరే. మొదటిసారి పావు కిలో మించి కొనవద్దు. నీళ్లు తాగడానికి వాడేవే పోయండి. ఎండాకాలం మీ వైపు బోరు, ట్యాంకరు నీళ్ల కాఠిన్యం రుచిని పాడుచేస్తుంది. నీళ్లు వేడిచేసే భాగం ఉన్న యంత్రమైతే లోపల తెల్లటి పెచ్చు కడుతుంది, దాన్ని వదిలించడం ఇంకో పని.

ఒక నెల ఇలా గిన్నె, గుడ్డలతో నడపండి. ఎన్ని రాత్రులు నానబెట్టారో ఫ్రిజ్ తలుపు మీద క్యాలెండరులో గుర్తు పెట్టండి. ఎన్నిసార్లు బయట నుంచి తెప్పించుకున్నారో మీ ఫోనులోని చెల్లింపుల చిట్టాలో ఎలాగూ ఉంటుంది. ఆరుకు ఆరూ ఆగితే మీ అలవాటు ఇంటికి మారినట్టు. మూడు వారాలకే గుడ్డ ఉతకడం విసుగొస్తే, యంత్రం జాలీ కడగడం కూడా అంతే విసుగొచ్చేది, 18,990 మిగిలిందని సంతోషించండి.

నెల బాగా నడిస్తే అప్పుడు వస్తువు కొనండి, నిండు మనసుతో కొనండి. లోపల సన్నటి జాలీ గొట్టం ఉన్న లీటరు గాజు కూజా చాలు. ఇలా చల్లటి నీళ్లలో నానబెట్టి తీయడాన్నే జపాన్ వాళ్లు మిజుదాషి అంటారు. 2,000 రూపాయల లోపు దొరికితే, ఆరు కాఫీల మిగులు మీద నెలన్నరలో దాని ధర తిరిగి వస్తుంది. కొనేటప్పుడు జాలీ విడిగా దొరుకుతుందా అని అడగండి, ముందు పాడయ్యేది అదే. మూతి చెయ్యి పట్టేంత వెడల్పు ఉండాలి, లేకపోతే అడుగున మరక వదలదు. అంత కూడా వద్దనుకుంటే బేగంబజారులో మూత ఉన్న స్టీలు డబ్బా, సన్నజాలీ కొనుక్కున్నా పని జరుగుతుంది.

ఇప్పుడు ఆ 32,000 తిరిగి నింపే దారి. కార్డు వడ్డీ ఆగడం వల్ల నెలకు 1,320, ఆరు కాఫీల మీద 1,410, కలిపి 2,730. జీతం పడిన మర్నాడే ఆ మొత్తం వెళ్లేలా ఏడాది రికరింగ్ డిపాజిట్ పెట్టండి. పన్నెండు నెలలకు 32,760, వడ్డీ అదనం. విడిగా తీసి పెట్టకపోతే ఈ మిగులు మీ ఖాతాలో ఎక్కడా కనిపించదు, వారాంతపు ఖర్చులో కలిసిపోతుంది. వచ్చే జూన్ ఫీజు కూడా ఇప్పుడే లెక్కలోకి తీసుకోండి. ఫీజు ఎంతో చూసి, మిగిలిన నెలలతో భాగించి, దానికి ఇంకో డిపాజిట్ మొదలుపెట్టండి. ఈ ఏడాది కార్డు బాకీ అక్కడే మొదలైంది కదా.

మీవారితో మాట్లాడేటప్పుడు ఈ లెక్క కాగితం ఇద్దరి మధ్యా పెట్టుకుని కూర్చోండి. యంత్రం అనవసరమన్న ఆయన మాట సరైనదే. ఇంట్లో చేసుకుంటే డబ్బు మిగులుతుందన్న మీ మాటా సరైనదే. కూజా కొనే రోజు వస్తే మాత్రం, బయల్దేరే ముందు టేపు తీసుకుని ఫ్రిజ్ తలుపు అర ఎత్తు ఒకసారి కొలవండి. లీటరు కూజా నిలువుగా పట్టకపోతే పడుకోబెట్టాల్సి వస్తుంది, మూత దగ్గర కారుతుంది.