అందరం కలిసి కొన్న పొలం ఒక్కరి పేరు మీదే ఉంది, ఇప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న: ఐదు కుటుంబాలం వికారాబాద్ వైపు ఐదెకరాలు తీసుకుని సేంద్రియ వ్యవసాయం చేసుకుంటూ సింపుల్‌గా బతుకుదామనుకున్నాం. 2019లో నేను 9 లక్షలు బ్యాంకు నుంచి ఎన్‌ఈఎఫ్‌టీ చేశా, రిమార్క్స్‌లో ఏమీ రాయలేదు. పని తొందరగా అవుతుందని మాలో ఒకాయన పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించాం, తర్వాత ఎవరి ఎకరం వాళ్ళకి రాసిస్తానని మెసేజ్‌లు కూడా పెట్టాడు. ఉద్యోగం మానేసి మట్టి ఇల్లు కట్టుకున్నా. 2023 డిసెంబర్‌లో "పొలం నాది, మీరిచ్చింది కమ్యూనిటీ ఖర్చులకి" అని వాట్సాప్‌లో పెట్టాడు. 2019 తేదీతో పాత స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ రాయించుకోమని ఒక డాక్యుమెంట్ రైటర్ అంటున్నాడు, రాయించనా?

జవాబు: రాయించొద్దు. స్టాంప్ పేపర్ ఎప్పుడు, ఎవరికి అమ్మారో వెనకాలే నంబరుతో సహా ఉంటుంది, వెండార్ రిజిస్టర్ తెప్పిస్తే అక్కడికక్కడే తేలిపోతుంది. అది ఫోర్జరీ, నిజంగా మీకున్న హక్కు కూడా దాంతోపాటే పోతుంది.

ఉద్యోగం మానేశానని, ఇల్లు కట్టుకున్నానని రాశారు. కేసుని తేల్చేది అవి కాదు, 2019లో ఆ 9 లక్షలు ఏ మాట మీద ఆయన ఖాతాలోకి వెళ్ళాయన్నదే. కొన్నాక నీ ఎకరం నీకు రాసిస్తానని డబ్బు తీసుకున్నాడా, లేక మీ ఆస్తినే ఆయన పేరు మీద ఉంచారా? మొదటిది అమ్మకపు ఒప్పందం, నోటి మాటైనా చెల్లుతుంది కానీ రుజువు చేయాల్సింది మీరే. రెండోది బేనామీ చట్టంలోకి (ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరు మీద ఆస్తి పెట్టడాన్ని నిషేధించేది) వెళ్తుంది, అక్కడ పొలం మీద దావానే నిలవదు, ఆస్తిని ప్రభుత్వం జప్తు చేసే ప్రమాదం కూడా ఉంది. అందుకే "మా డబ్బుతో ఆయన పేరు మీద కొన్నాం" అని కోపంలో నోటీసులో గబగబా రాసేయకండి, జరిగింది జరిగినట్టు, ఆనాటి మెసేజ్‌లు చెప్పినట్టే రాయించండి.

ఇంత డబ్బు పంపుతూ రిమార్క్స్‌లో 'పొలం' అన్న ఒక్క ముక్క కూడా పెట్టకపోతే ఎలాగండీ? ఇప్పుడు "ఎకరం రాసిస్తా" అన్న 2019 నాటి మెసేజ్‌లే దిక్కు. ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి, స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, భారతీయ సాక్ష్య అధినియం (కోర్టులో సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం, అవి ఆ ఫోన్‌లోవేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ కూడా పెట్టాలి.

ఇక కాలపరిమితి. రాసివ్వడానికి తేదీ అనుకోలేదు కాబట్టి ఆయన కాదన్నట్టు మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్ళు, అంటే 2026 డిసెంబర్ దాటితే దావా పోయినట్టే. ఎదుటి లాయరు 2019 నుంచే లెక్కపెట్టాలని వాదిస్తాడు కూడా, దానికి జవాబు ఆ మెసేజ్‌లే. పెద్దమనుషుల్లో పెడదామని కూర్చున్నా గడువు ఆగదు.

ముందు లాయర్ నోటీసు ఇచ్చి ఆలస్యం లేకుండా సివిల్ కోర్టులో దావా వేయండి. మీ ఎకరం రిజిస్టర్ చేయమని, అది కుదరకపోతే 9 లక్షలు వడ్డీతో ఇప్పించమని, రెండూ ఒకే దావాలో అడగండి. పొలం ఇంకొకరికి అమ్మకుండా కోర్టు ఆపేలా ఇంజంక్షన్ పిటిషన్ కూడా దాంతోనే వేయాలి. ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్), తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో ఆ సర్వే నంబర్ వివరాలు ఈ వారమే తీయండి, ఇప్పటికే ఎవరికైనా రాసిచ్చి ఉంటే వాళ్ళని కూడా దావాలో కలపాలి. మిగతా మూడు కుటుంబాలూ ఇదే మాట మీద డబ్బు కట్టి ఉంటే వాళ్ళ సాక్ష్యం మీకు చాలా అవసరం, వాళ్ళు ఆయనతో రాజీ పడకముందే వెళ్ళి మాట్లాడండి.