అమెరికా బటర్లలో మన వెన్న ఏది? కొత్తగా వచ్చినవాళ్ళ సందేహానికి జవాబు

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు నుంచి ఎంఎస్‌కు వచ్చే పిల్లలు, పెళ్లై కొత్త కాపురానికి దిగే జంటలు నన్ను అడిగే వాటిలో వీసా సంగతులు అయిపోగానే తిండి సంగతులే. ఈమధ్య ఎక్కువమంది అడుగుతున్నది ఇది: "అన్నా, స్టోర్లో బటర్ అని ఇరవై రకాలున్నయి. ఇందులో మన వెన్న ఏది? నెయ్యి కాగబెట్టుకోవడానికి ఏది కొనాలె?"

ముందు జవాబు, తర్వాత కారణాలు. నెయ్యికైతే స్టోర్ సొంత బ్రాండ్‌లో ఉప్పులేని బటర్ చాలు. జొన్నరొట్టె మీద రాసుకోవడానికి, పచ్చివెన్న రుచి కోసమైతే 'కల్చర్డ్' అని రాసి ఉన్న ఉప్పులేని బటర్ కొనండి. ప్లాస్టిక్ డబ్బాలో 'స్ప్రెడ్' అని వచ్చేదాని జోలికి మాత్రం పోవద్దు.

ఇక్కడి బటర్ నోట్లో పెట్టుకోగానే "ఇది మన వెన్నలా లేదే" అనిపిస్తుంది. కల్తీ అని భయపడకండి. మన ఇళ్ళల్లో పాలు కాగబెట్టి, తోడుపెట్టి, ఆ పెరుగును చిలికితే వెన్న వస్తుంది. లేదంటే రోజూ మీగడ తీసి కూడబెట్టి, దానికి తోడేసి చిలుకుతారు. ఎలా చేసినా వెన్నకంటే ముందు పులుపు ఉంటుంది. ఆ పులిసిన కమ్మదనమే మనకు తెలిసిన వెన్న వాసన. అమెరికాలో ఎక్కువగా అమ్ముడుపోయే బటర్‌కు ఆ మెట్టే లేదు. పాల నుంచి యంత్రంతో క్రీమ్ వేరుచేసి, పాశ్చరైజ్ చేసి, పులియబెట్టకుండానే చిలికేస్తారు. అట్టపెట్టె మీద 'స్వీట్ క్రీమ్' అని ఉండేది అందుకే. చక్కెర కలిపారని కాదు, పులవని క్రీమ్ అని. క్రీమ్‌కు తోడుపెట్టి తీసిందైతే 'కల్చర్డ్' అని ఉంటుంది. యూరప్‌లో, ముఖ్యంగా ఫ్రాన్స్, డెన్మార్క్‌లలో, ఈ పద్ధతి మామూలే. మన నాలుకకు అదే దగ్గర.

రంగు గురించి కూడా అడుగుతారు. వరంగల్ చుట్టుపక్కల ఊళ్ళల్లో పాలంటే ఎక్కువగా బర్రెపాలే. మేతలో ఉండే బీటా కెరోటిన్ అనే పసుపు పదార్థాన్ని బర్రె తన ఒంట్లోనే విటమిన్ ఏగా మార్చేసుకుంటుంది కాబట్టి దాని వెన్న తెల్లగా వస్తుంది. ఆవు అంతా మార్చుకోలేదు, మిగిలింది పాలలోకి దిగుతుంది. ఇక్కడంతా ఆవుపాలు. పచ్చగడ్డి మేసిన ఆవుల వెన్న ఇంకా పసుపు, దాణా ఎక్కువ తిన్నవాటిది కాస్త పాలిపోయి ఉంటుంది. పసుపు ఉంటే రంగు కలిపినట్టు కాదు, తెల్లగా ఉంటే నాసిరకమూ కాదు. కొన్ని కంపెనీలు అనట్టో అనే గింజల రంగు కలుపుతాయి. ఆ మాట కనపడితే తెచ్చుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, దాంతో మామూలుగా ప్రమాదమేమీ లేదు.

పెట్టె ముందువైపు ఆవు బొమ్మ, పచ్చటి కొండ, 'ఫామ్ ఫ్రెష్' లాంటి మాటలు చూసి కొనకండి. పెట్టె తిప్పి పదార్థాల వరుస చదవండి. అసలైన వెన్నకు ఆ వరుస ఒక్క ముక్కలో అయిపోతుంది: క్రీమ్. ఉప్పుదైతే క్రీమ్, ఉప్పు. కల్చర్డ్ అయితే క్రీమ్, కల్చర్స్. అంతే. ఉప్పులేని కొన్నింటిలో 'నేచురల్ ఫ్లేవరింగ్' అని మరో మాట కనిపిస్తుంది. అది ఎక్కువగా పాలను పులియబెట్టి తీసిన వాసన పదార్థమో, లాక్టిక్ ఆమ్లమో అయి ఉంటుంది. తిన్నా నష్టం లేదు గానీ, పక్కనే అదే ధరకు ఒట్టి క్రీమ్‌తో చేసింది ఉంటే నేను దాన్నే తీసుకుంటాను. పామ్ ఆయిల్, కనోలా ఆయిల్, సోయాబీన్ ఆయిల్, మోనో డైగ్లిసరైడ్స్ అని వరుస పెరిగిపోతే అది వెన్న కాదు, లేదా వెన్నలో నూనె కలిపిన సరుకు. మన డాల్డాకు బంధువే అనుకోండి, కాకపోతే సూటుబూటు వేసుకుని ఫ్రిజ్‌లో కూర్చుంది.

చట్టం ఇక్కడ గట్టిగానే ఉంది. 1923లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం బటర్ అనాలంటే పాలతోనో, క్రీమ్‌తోనో, రెండింటితోనో మాత్రమే చేయాలి, బరువులో కనీసం 80 శాతం పాలకొవ్వు ఉండాలి. యూరప్ చట్టంలోనూ కనీసం 80 శాతమే, కాకపోతే అక్కడి ఉప్పులేని బటర్‌లో మామూలుగా 82 శాతం దాకా ఉంటుంది. ఇండియాలోనూ టేబుల్ బటర్‌కు కనీసం 80 శాతమే. అందుకే కంపెనీలు నూనె సరుకును సూటిగా బటర్ అనలేక 'బటరీ', 'బటర్ టేస్ట్', 'స్ప్రెడ్', 'విత్ కనోలా ఆయిల్' అని తిప్పితిప్పి రాస్తాయి. 'బటర్' పక్కన ఇంకో మాట అతికించి ఉంటే ఆగి చదవండి. సినిమా హాల్లో పాప్‌కార్న్ మీద పోసే పసుపు ద్రవం కూడా చాలాచోట్ల బటర్ కాదు, వాసన కలిపిన నూనె.

పదార్థాల వరుసలో నూనె లేదని చూసుకున్నాక, కొవ్వు ఎంతుందో తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది. పోషకాల పట్టికలో ఒక టేబుల్ స్పూన్, అంటే 14 గ్రాములకు, మొత్తం కొవ్వు ఎంతో చూడండి. మామూలు బటర్‌కు 11 గ్రాములు ఉంటుంది. 12 ఉంటే కొవ్వు శాతం ఎక్కువున్న యూరప్ రకం. ఏడెనిమిది ఉంటే అందులో నీళ్ళు ఎక్కువున్నాయని అర్థం. లేదా అది 'లైట్' రకం. 'విప్డ్' అని ఉన్నది నిజమైన బటరే గానీ, దాంట్లో గాలి కొట్టి ఉబ్బించారు. అందుకే దాని స్పూన్ బరువు తక్కువ చూపిస్తుంది. నెయ్యికి లైట్, విప్డ్ రెండూ దండగ.

పెట్టె మీద 'గ్రేడ్ ఏఏ' అనే ముద్ర కూడా ఉంటుంది. అమెరికా వ్యవసాయశాఖ రుచి, వాసన, మెత్తదనం చూసి ఇచ్చే గ్రేడ్లలో అది పైది. మామూలు సూపర్‌మార్కెట్‌లో ఎక్కువగా ఏఏ సరుకే దొరుకుతుంది కాబట్టి ఆ ముద్ర చూసి ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పనిలేదు.

మా పక్క రాష్ట్రం విస్కాన్సిన్ పాడికి పేరు. అక్కడ పసుపు రంగు వేసిన మార్జరిన్, అంటే నూనెతో వెన్నలా చేసే సరుకు, అమ్మడం 1967 దాకా నిషేధం. జనం పక్క రాష్ట్రాలకు కార్లేసుకుని పోయి మార్జరిన్ తెచ్చుకునేవాళ్ళట. పాడిరైతుల మాటకు అంత బలం ఉండేది. పాడి మహిళలే కలిసి నడిపే ముల్కనూరు మహిళా డెయిరీని దగ్గర నుంచి చూసిన మావాళ్ళకు ఈ ముచ్చట చెప్తే వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు ధర. బంగారు రంగు కాగితంలో వచ్చే ఐర్లండ్ బటర్ కెర్రీగోల్డ్ గురించి అందరూ అడుగుతారు. మంచిదే. ఆవులు గడ్డి మేస్తాయి, రంగూ రుచీ బాగుంటాయి. బంగారు కాగితంలోది ఉప్పుది. వెండి కాగితంలోది ఉప్పులేనిది, అదే కల్చర్డ్. మన పచ్చివెన్నకు దగ్గరగా కావాలంటే వెండిది తీసుకోండి. కాకపోతే పక్కనున్న మామూలు పెట్టె 454 గ్రాములైతే ఇది 227 గ్రాములే వచ్చే ప్యాక్, ఆ తేడా ధర చీటీ చూసేటప్పుడు గుర్తుపెట్టుకోవాలి. బరువు లెక్కన చూస్తే దాదాపు రెట్టింపు పడుతుంది. వేడి జొన్నరొట్టె, ఎర్రకారం, పైన ఇంత వెన్న అనుకుంటే ఆ డబ్బు పెట్టొచ్చు. దాన్ని కరిగించి నెయ్యి చేయడం మాత్రం నాకు నచ్చదు. నెయ్యి కాగితే తయారయ్యే వాసన ముందు ఆ సన్నటి తేడా నిలబడదు. నవంబర్, డిసెంబర్‌లలో ఇక్కడివాళ్ళు కేకులు, కుకీలు చేసే కాలం కాబట్టి స్టోర్ బ్రాండ్ బటర్ మీద తగ్గింపు పెడతారు. నేను ఏడాది నెయ్యికి సరిపడా అప్పుడే కొంటాను.

నెయ్యి సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే సగం ఫోన్లు దీనికే. ఒక పెట్టెలో నాలుగు కడ్డీలుంటాయి. ఒక్కోటి 113 గ్రాములు, పైకాగితం మీద స్పూన్ల గీతలు ఉంటాయి. నాలుగూ అడుగు మందమున్న గిన్నెలో వేసి, మంట మధ్యస్థంగా పెట్టండి. కరగగానే పైన తెల్లటి నురగ కడుతుంది. తర్వాత పెద్ద బుడగలతో చిటపట మొదలవుతుంది. అది లోపలి నీళ్ళు ఆవిరవుతున్న చప్పుడు. బటర్‌లో ఆరో వంతు దాకా నీళ్ళే ఉంటాయి కాబట్టి చప్పుడు కాసేపు సాగుతుంది, కంగారుపడి మంట పెంచొద్దు. ఆ చప్పుడు సన్నబడి, బుడగలు చిన్నవైనప్పుడు స్పూన్‌తో నురగ పక్కకు జరిపి చూడండి. అడుగున మడ్డి లేత గోధుమ రంగుకు తిరిగి, నెయ్యి అద్దంలా కనిపిస్తుంది. అక్కడ దించేయాలి. ఇక్కడే చాలామందికి మాడుతుంది. అమెరికా అపార్ట్‌మెంట్లలోని కరెంటు పొయ్యి, స్విచ్ ఆపినా వెంటనే చల్లారదు. గిన్నె పొయ్యి మీదే వదిలేస్తే రెండు నిమిషాల్లో మడ్డి నల్లబడుతుంది, పైన స్మోక్ అలారం మోగి పక్కింటివాళ్ళు తలుపు తడతారు. కాబట్టి గిన్నె పక్కకు దించి పెట్టండి. కరివేపాకో తమలపాకో వేసే అలవాటుంటే తడి లేకుండా తుడిచి వేయండి.

ఒక పెట్టెకు 350 గ్రాములకు కాస్త అటూ ఇటూ నెయ్యి వస్తుంది. ఉప్పు బటర్‌తో కాగబెట్టినా నెయ్యిలో ఉప్పు పెద్దగా దిగదు, మడ్డిలోకి పోతుంది. కానీ నురగ ఎక్కువ, ఆ మడ్డి నోట్లో పెట్టలేం. అందులో వేడి అన్నం, బెల్లం కలిపి తినే భాగ్యం పోతుంది. ఇక్కడి నెయ్యి ఊళ్ళో బర్రె నెయ్యిలా పెద్ద పూస కట్టదని బాధపడకండి, ఆవు నెయ్యి అంతే. ఫ్రిజ్‌లో పెట్టకుండా బయటే మెల్లగా చల్లారనిస్తే సన్నటి పూసైనా వస్తుంది.

"పాలు ఎంత కాగబెట్టినా మీగడ కట్టట్లేదు, అందులో ఏం కలుపుతున్నరో" అని కొత్త కోడళ్ళు కంగారుపడతారు. ఇక్కడి పాలు హోమోజినైజ్ చేసినవి. కొవ్వు రేణువులను పగలగొట్టి పాలంతా సమంగా కలిపేస్తారు, అవి మళ్ళీ పైకి తేలవు. పైగా 'హోల్ మిల్క్' అన్నా 3.25 శాతం కొవ్వుతో సరిపెడతారు, బర్రెపాలలో దానికి రెట్టింపు ఉంటుంది. ఆ పాల పెరుగు చిలికి వెన్న తీయాలనుకోవడం వృథా ప్రయాస.

ఇంట్లో తీసిన వెన్నే కావాలంటే 'హెవీ విప్పింగ్ క్రీమ్' తెచ్చుకోండి. అందులోనూ వెనక పదార్థాల్లో చిక్కదనం కోసం కలిపే గమ్, కారజీనన్ లాంటివి లేని, ఒట్టి క్రీమ్ ఉన్నది. కొద్దిగా గోరువెచ్చగా చేసి రెండు స్పూన్ల పెరుగు తోడేసి, రాత్రంతా ఉంచండి. పొద్దున అది చిక్కగా, పుల్లటి వాసనతో ఉంటుంది. గంట సేపు ఫ్రిజ్‌లో చల్లబరచి మిక్సీలో వేసి ఆపి ఆపి తిప్పండి. మొదట చిక్కబడుతుంది, తర్వాత ఉన్నట్టుండి విరిగినట్టు గింజలు గింజలుగా అయి చల్ల వేరవుతుంది. చల్ల వంచేసి, ఐసు నీళ్ళు పోసి వెన్నను నాలుగైదుసార్లు కడగండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగకపోతే వెన్న తొందరగా పాడవుతుంది. అర లీటరుకు కొంచెం తక్కువుండే చిన్న డబ్బాకు 200 గ్రాముల దగ్గర వెన్న వస్తుంది. ఆ చల్ల పారబోయకండి, మజ్జిగచారుకు అంతకన్నా మంచిది ఇక్కడ దొరకదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయిన తమ్ముళ్ళకు రెండు మాటలు. అక్కడ డెన్మార్క్ బటర్ లుర్‌పాక్ తేలిగ్గా దొరుకుతుంది, కాగితంలో చుట్టిన ముద్ద తీసుకోండి. డబ్బాలో వచ్చే 'స్ప్రెడబుల్' రకంలో నూనె కలుస్తుంది. 'వెజిటబుల్ ఘీ' అన్న డబ్బా నెయ్యి కానే కాదు. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకూ ఇదే. ఆస్ట్రేలియాలో 'డెయిరీ బ్లెండ్' అన్న మాట కనపడితే నూనె కలిసిందని తెలుసుకోండి.

ఇండియన్ స్టోర్ల ఫ్రీజర్‌లో కొన్నిచోట్ల అమూల్ దొరుకుతుంది. పావ్‌భాజీకి అది తప్ప ఇంకోటి రుచించదు, కానీ దాంట్లో ఉప్పు ఎక్కువ. నెయ్యికి, పచ్చివెన్నకు అది పనికిరాదు.

శాకాహారులకు చీజ్ విషయంలో ఉండే రెన్నెట్ (పాలు విరగ్గొట్టడానికి వాడేది, దూడ పొట్ట నుంచి కూడా తీస్తారు) టెన్షన్ బటర్‌కు లేదు. క్రీమ్ చిలకడమే తప్ప పాలు విరగ్గొట్టే పనే ఉండదు.

దాచుకోవడంలో ఒక్క జాగ్రత్త. వెన్న పక్కనున్న వాసనంతా పీల్చుకుంటుంది. మన ఫ్రిజ్‌లో అల్లంవెల్లుల్లి ముద్ద, ఉల్లిగడ్డ ముక్కలు, మామిడికాయ తొక్కు ఉండనే ఉంటాయి. పెట్టెతో సహా జిప్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో వేస్తే ఆరు నెలల పైనే బాగుంటుంది. వాడుకునే కడ్డీ ఒక్కటి మాత్రమే కింద ఫ్రిజ్‌లో, మూత ఉన్న గిన్నెలో పెట్టండి.

ఇక పండగ పిండివంటలు. మురుకుల పిండిలో వెన్న కలిపేటప్పుడు కొలతలో చిక్కొస్తుంది. అమ్మ చెప్పిన కొలత ఇంటి వెన్నది, అందులో నీళ్ళెంతో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇక్కడి కడ్డీని కరిగించకుండా, మెత్తబడేదాకా బయట ఉంచి, పిండిలో పొడిపొడిగా నలిపి, నీళ్ళు మాత్రం చివర్లో చూసుకుంటూ కొద్దికొద్దిగా కలపండి. నూనెలో వేయగానే మురుకు విడిపోతే వెన్న ఎక్కువైనట్టు. ఇంకాస్త బియ్యప్పిండి కలిపితే సరిపోతుంది.