వెనుక సస్పెన్షన్: పేరును బట్టి తీర్పు చెప్పవచ్చా?

ప్రశ్న: అసలైన పెర్ఫార్మెన్స్ కారుకు వెనుక మల్టీ లింక్ (ఒక్కో చక్రాన్ని అనేక విడి కడ్డీలు పట్టే అమరిక) తప్పనిసరి అని, టోర్షన్ బీమ్ (రెండు వెనుక చక్రాలను కలిపే, మెలితిరిగే దూలం) చవక కార్లకే తగినదని చదివాను. అలాంటప్పుడు 2019లో టోర్షన్ బీమ్ ఉన్న రెనో మెగాన్ ట్రోఫీ-ఆర్, మల్టీ లింక్ ఉన్న హోండా సివిక్ టైప్ ఆర్ నెలకొల్పిన జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ ట్రాక్ మీది ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ముందు చక్రాలే నడిపే) కార్ల రికార్డును ఎలా అధిగమించింది?

జవాబు: మీ ప్రశ్నలోని ‘ఫ్రంట్ వీల్ డ్రైవ్’ అన్న మాటే ఇక్కడ కీలకం. అటువంటి కారులో బరువు ఎక్కువగా ముందు ఉంటుంది, ఇంజిన్ శక్తిని రోడ్డుకు అందించే పని వెనుక చక్రాలకు ఉండదు. వేగంగా మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు వెనుక చక్రం దాదాపు గాలిలోకి లేస్తుంది. రెండు చక్రాలను కలిపే బీమ్ ఆ సమయంలో మెలితిరుగుతూ యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) పనిని కూడా చేస్తుంది కనుక, తేలికైన ఈ అమరిక నునుపైన ట్రాక్ మీద వెనుకబడదు. పైగా ట్రోఫీ-ఆర్‌లో వెనుక సీట్లను, నాలుగు చక్రాల స్టీరింగ్‌ను కూడా తీసివేసి బరువు తగ్గించారు; అందువల్ల ఆ గెలుపును సస్పెన్షన్ ఖాతాలో మాత్రమే వేయడం న్యాయం కాదు. 2023లో టైప్ ఆర్ మల్టీ లింక్‌తోనే ఆ రికార్డును తిరిగి సాధించింది.

వెనుక చక్రాలే కారును నడిపేటప్పుడు లెక్క మారుతుంది. రెండు వెనుక చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసుకు చిన్నచూపు తగదు: బాడీ ఒరిగినా చక్రాలు రోడ్డుకు నిటారుగానే నిలుస్తాయి. అయితే డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టె) బరువంతా స్ప్రింగుల కింద చక్రాలతో పాటు ఎగిరిపడుతుంది, ఒక చక్రం గతుకెక్కితే రెండోదీ వాలుతుంది. ఫోర్డ్ మస్టాంగ్ 2015 మోడల్‌తో ఆ ఇరుసును వదిలిపెట్టింది.

చక్రాలు విడివిడిగా కదిలినంత మాత్రాన సమస్య తీరదని సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్ (ఒక్కో వెనుక చక్రాన్ని ఏటవాలుగా అమర్చిన ఒకే ఆర్మ్ పట్టే అమరిక) చరిత్ర చెబుతుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే చక్రం వెనక్కి లాగబడుతుంది, ఆర్మ్ కీళ్లలోని రబ్బరు బుష్‌లు లొంగుతాయి, చక్రం ముందు అంచు బయటికి తిరుగుతుంది, కారు వెనుక భాగం జారిపోతుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికే పోర్షే 928లో వైసాక్ యాక్సిల్ అనే వెనుక సస్పెన్షన్ వచ్చింది. 1982లో మెర్సిడెస్ 190 ప్రతి వెనుక చక్రానికి అయిదు లింకులు ఇచ్చింది. మల్టీ లింక్ అసలు విలువ మెత్తదనంలో లేదని, భారం మారుతున్నప్పుడు కూడా చక్రం దిశను అదుపులో ఉంచడంలో ఉందని నా దృఢమైన అభిప్రాయం. పాత కారును కొనేవారు మాత్రం లింకుల పేర్ల కన్నా ముందు బుష్‌ల స్థితిని చూడాలి, ఎందుకంటే అవి అరిగిన మల్టీ లింక్ ఆ అదుపునే కోల్పోతుంది.

ప్రశ్న: షెవర్లే కార్వెట్‌లో చాలా కాలం ఆకు స్ప్రింగు (లీఫ్ స్ప్రింగు) ఉండేదట. అది లారీల పద్ధతి కాదా?

జవాబు: కాదు. లారీలో ఆకు స్ప్రింగులే ఇరుసును పట్టి నిలుపుతాయి. కార్వెట్‌లో 1963 నుంచి చక్రాలను విడి ఆర్ములే పట్టి ఉంచాయి. అడ్డంగా అమర్చిన ఆకు, స్ప్రింగు పని చేసింది. తరువాత ఫైబర్‌తో చేసిన ఆ ఆకు తేలికగా ఉండి, కారు అడుగున తక్కువ ఎత్తులో ఇమిడేది. ఇంజిన్‌ను మధ్యకు మార్చిన 2020 మోడల్‌తో కాయిల్ స్ప్రింగులు దాని స్థానంలోకి వచ్చాయి.