మందు కొలిచేటప్పుడు ఫోను పక్క గదిలో పెట్టు

పెరవలి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. గరాజ్‌లో కొత్త బల్ల, తూటాలు నింపే ప్రెస్ బిగించడానికి వేసిన బోల్టు కన్నాలు. చాలా సంతోషం వేసింది. పేలిన తూటాల ఖాళీ కేసుల్ని సొంతంగా మళ్లీ నింపడం, టెక్సాస్‌లో ఇరవై ఏళ్లకు పైగా నేను చేసిన ఈ పని ఇప్పుడు నీ చేతికి వస్తోంది. కానీ నా పాత నోటుపుస్తకంలో తుపాకీ మందు కొలతల పేజీలు ఫొటో తీసి పంపమన్నావు చూడు, అవి మాత్రం పంపను. ఆ కొలతలు నా తుపాకీకి, అప్పటి మందు డబ్బాకి, అప్పటి గుండుకి సరిపోయినవి. ఇందులో ఏ ఒక్కటి మారినా లెక్క మారిపోతుంది. మందు చేసే కంపెనీ ఒకటి, గుండ్లు చేసే కంపెనీ ఒకటి వేసిన తాజా పుస్తకాలు రెండు కొను. అవి చదివాకే ప్రెస్ కొను.

అన్నిటికంటే ముందు చట్టం సంగతి. నీకు గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి నీకు ఇబ్బంది లేదు. సొంతానికి తూటాలు నింపుకోవడానికి అక్కడ కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే మాత్రం కావాలి. కానీ హెచ్-1బి మీద ఉన్న నీ స్నేహితుల సంగతి వేరు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఆ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని అక్కడి కేంద్ర చట్టం. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. సరదాకి చేతికిచ్చినా వాళ్ల భవిష్యత్తుకే ప్రమాదం. లాయర్ని అడగకుండా ఎవరినీ ఇందులోకి దింపకు.

ఇక పని. తూటాలో ఉండేవి నాలుగే: ఇత్తడి కేసు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, పైన గుండు. పేల్చాక మందు కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. మిగిలేది ఇత్తడి. నాలుగింటిలో ఎక్కువ ఖరీదు దానిదే కాబట్టి మళ్లీ వాడుకుంటున్నాం. డబ్బు మిగులుతుందని మాత్రం ఆశ పెట్టుకోకు. మిగిలిన డబ్బుతో ఇంకో వంద పేలుస్తావు, నేనూ అదే చేశాను.

ఇత్తడి గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది మన ఊరి పక్క విద్య. అజ్జరంలో ఇత్తడి సామాను చేసేవాళ్ల దగ్గర చిన్నప్పుడు గంటలు గంటలు కూర్చునేవాణ్ణి. ఇత్తడిని కొట్టేకొద్దీ గట్టిపడి పెళుసవుతుంది, అందుకే మధ్యలో కాల్చి మెత్తబరుస్తారు. తూటా కేసుకీ అంతే. పేలినప్పుడు ఉబ్బుతుంది, డై అనే అచ్చులో పెట్టి నొక్కితే మళ్లీ కొలతకి వస్తుంది. ఇలా కొన్నిసార్లు జరిగాక మెడ దగ్గర సన్నగా పగులుతుంది. ప్రతి కేసునీ వెలుతురులో తిప్పి చూడు. పగులుంటే పారెయ్, అడుగు భాగం పైన మెరిసే గీత కనిపించినా పారెయ్. రైఫిల్ కేసులైతే సాగుతాయి కూడా, కాలిపర్‌తో కొలిచి కత్తిరించాలి.

తోమడానికి అమ్మోనియా ఉన్న పాలిష్ వాడకు. ఇంగ్లిషువాళ్ల కాలంలో వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాలు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియానే కారణమని 1921లో తేల్చారు. మీ అమ్మమ్మ బిందెలు చింతపండుతో తోమేది గుర్తుందా? పులుపుతో ఇత్తడి మెరుస్తుంది. అక్కడ దాని బదులు పలచటి నిమ్మ ఉప్పు నీళ్లు వాడతారు. కాసేపు నానబెట్టి, బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టు.

ప్రెస్ విషయానికొస్తే, ఒక్కసారికి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్ కొనుక్కో. హ్యాండిల్ ఒకసారి లాగితే ఒక తూటా తయారయ్యే ప్రోగ్రెసివ్ ప్రెస్‌లు చూడగానే మనసు లాగుతాయి. కనీసం ఏడాది వాటి జోలికి వెళ్లకు. ఏ మెట్టు దగ్గర ఏం తప్పు జరుగుతుందో నీ చేతికి తెలియాలంటే నెమ్మదిగా చేసే యంత్రమే కావాలి.

అసలు భయం మందు దగ్గర. నువ్వు అడిగిన పాయింట్ 38 స్పెషల్ పాతకాలపు రివాల్వర్ తూటా. కేసు పెద్దది, పట్టే మందు కొంచెం. రెండుసార్లు పోసినా పొంగిపోదు, కంటికి తెలియదు. అందుకే ఉబ్బుగా ఉండి కేసుని బాగా నింపే రకం మందు ఎంచుకో, రెండోసారి పోస్తే బయటికి పొర్లిపోవాలి. దాని పీడనం హద్దు చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు. అదే థర్టీ-నాట్-సిక్స్ రైఫిల్ తూటాకి 60,000. నీ కారు టైరులో 35 ఉంటుంది. ఆ తేడా ఊహించుకో.

మా తాతయ్య దీపావళికి సూరేకారం, గంధకం, బొగ్గు చేతి వాటంతో కలిపి చిచ్చుబుడ్లు కూరేవాడు. ఆ అంచనా ఇక్కడ పనికిరాదు. ఇక్కడ కొలత గ్రెయిన్లలో, ఒక గ్రెయిన్ అంటే గురివింద గింజ బరువులో సుమారు సగం. ప్రతిసారీ ముందు త్రాసుని సరిచూసే బరువులతో పరీక్షించు. ఫ్యాన్ కట్టెయ్. ఆ గాలికే ముల్లు కదులుతుంది. బల్ల మీద ఒక్క మందు డబ్బా మాత్రమే ఉండాలి. పని అయ్యాక మిగిలింది అదే డబ్బాలోకి. చూసి ఏ మందో ఎవరూ చెప్పలేరు, పేరు లేని మందు దొరికితే వాడొద్దు.

పుస్తకంలో మొదలుపెట్టే కొలత, దాటకూడని కొలత వేరువేరుగా ఉంటాయి. మొదటిదాని దగ్గరే మొదలుపెట్టు. ధవళేశ్వరంలో గోదావరి వరదకి 11.75 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉన్నవాళ్లు మూడోదాకా ఆగరు కదా. రైఫిల్ కూడా చెబుతుంది: ప్రైమర్ చదునైపోతుంది, తూటా వెనక మూసే బోల్టు ఎత్తడానికి బిగుసుకుంటుంది. అది కనిపించిన వెంటనే ఆపెయ్. పాయింట్ 38 లాంటి వాటిలో మాత్రం ఆ గుర్తులు కనిపించేసరికే హద్దు ఎప్పుడో దాటి ఉంటుంది. అందుకే పుస్తకాన్ని దాటొద్దు.

నాకు జరిగింది చెబుతాను. మూడో నెలలో, కేసుల్లో మందు పోస్తుండగా ఇండియా నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూనే పని సాగించాను. వారం తర్వాత కాల్పులు సాధన చేసే రేంజ్‌లో ఒక తూటా చప్పగా ‘టప్’ మంది. ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కబోతుంటే పక్కనున్న పెద్దాయన గట్టిగా ఆగమని అరిచాడు. విప్పి చూస్తే గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుని ఉంది. ఆ కేసులో మందే లేదు, ప్రైమర్ ఒక్కటే దాన్ని అక్కడిదాకా తోసింది. రెండోది పేలి ఉంటే నా చెయ్యి ఏమయ్యేదో. ఆ రాత్రి మిగతా తూటాలన్నీ ఊడదీశాను.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. యాభై కేసులు నిలబెట్టే కన్నాల చెక్క, అందులో మందు లేనివి తలకిందులుగా, పోసినవి నిలువుగా. అన్నీ అయ్యాక టార్చి వేసి ఒక్కొక్క కేసులోకి తొంగి చూడాలి, మట్టం ఒకేలా ఉండాలి. అప్పుడే గుండు పెట్టాలి. ఎవరైనా మధ్యలో పిలిస్తే, ఆ చెక్కలోవన్నీ తిరిగి డబ్బాలో పోసి మళ్లీ మొదటినుంచి. ఫోను పక్క గదిలో. టెన్షన్‌గా ఉన్న రోజు, నిద్ర లేని రోజు గరాజ్ తలుపే తీయకు.

పాప ఉంది కాబట్టి ఇంకో మాట. కాలిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. కేసులు శుభ్రం చేసే యంత్రం బయటే తిప్పు, ఆ దుమ్ము ఇంట్లోకి రానివ్వకు. బల్ల దగ్గర టీ కూడా తాగొద్దు. చేతులు కడిగి, చొక్కా మార్చాకే పాపని ఎత్తుకో. ప్రైమర్లు కొన్న పెట్టెలోనే ఉంచి తాళం వెయ్. కళ్లద్దాలు లేకుండా ప్రైమర్ ముట్టుకోకు.

నువ్వు చేసిన తూటా ఎవరికీ ఇవ్వకు, ఎంత స్నేహితుడైనా సరే.

సంక్రాంతికి వస్తున్నావని అక్క చెప్పింది. రేంజ్‌కి తీసుకెళ్లే సంచి, జాకెట్ ఈ ప్రయాణానికి తేవొద్దు. మన 1959 ఆయుధాల చట్టంలో తూటా అంటే నిండుది ఒక్కటే కాదు, దాని భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రం కూడా ఆ మాటలోకే వస్తాయి. నేను వచ్చేసేటప్పుడు ప్రెస్, డైలు, చివరి ఖాళీ కేసు దాకా అన్నీ అక్కడే ఒక మిత్రుడికి ఇచ్చి వచ్చాను. పెట్టె సర్దాక ప్రతి జేబూ తిరగేసి దులుపు. తర్వాత నీ భార్యని ఇంకోసారి దులపమను.

ఆశీస్సులతో,
మీ మావయ్య