ఫీజు కట్టే ముందు: శిరీషకు అత్తయ్య ఉత్తరం

జయనగర్, బెంగళూరు

శిరీషా,

నువ్వు పంపిన మూడు ఆన్‌లైన్ నెట్‌వర్క్ సెక్యూరిటీ కోర్సుల బ్రోచర్లూ పూర్తిగా చదివాను. చదువయ్యాక జీతం ఎంత పెరుగుతుందో మూడింటిలోనూ పెద్ద అక్షరాల్లో వేశారు. చదువుతున్నన్నాళ్లూ నీ చేత ఏం పని చేయిస్తారో మాత్రం ఒక్కదాంట్లోనూ సరిగ్గా లేదు. నాకు కావలసింది ఆ రెండోదే. నెట్‌వర్క్ సెక్యూరిటీ చేత్తో నేర్చుకునే విద్య. వీడియోలు చూసి, బిట్లు పెట్టి పాసైపోయే మాస్టర్స్ అయితే నీ రెండేళ్లూ వృథా, ఏ పెద్ద యూనివర్సిటీ పేరున్నా సరే.

ముందు ఒక సంగతి తేల్చుకో. నీకు మాస్టర్స్ ఎందుకు? ఇప్పుడున్న నాక్ (నెట్‌వర్క్‌ని రాత్రీపగలూ కనిపెట్టే కేంద్రం) డ్యూటీ నుంచి సెక్యూరిటీ టీమ్‌లోకి మారడమే నీ కోరికైతే దానికి ఇంత ఖర్చు అక్కర్లేదు. సిస్కో కంపెనీ ఇచ్చే సీసీఎన్‌పీ సెక్యూరిటీ లాంటి సర్టిఫికేషన్ ఒకటి గట్టిగా చదివి, మీ ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లోకి ఏది రావాలో, ఏది రాకూడదో చూసే కాపలా) టీమ్‌తో కలిసి పనిచేసే అవకాశం అడిగి తీసుకుంటే చాలు. సీఐఎస్‌ఎస్‌పీ అనే సీనియర్ సెక్యూరిటీ సర్టిఫికేషన్ కోసం మాస్టర్స్ చేస్తానని ఫోన్లో అన్నావు. దానికి అయిదేళ్ల అనుభవం కావాలి, డిగ్రీ ఉంటే అందులో ఒక్క ఏడాది తగ్గిస్తారు. ఆ ఏడాది నీ బీటెక్‌తోనే తగ్గిపోతుంది. మాస్టర్స్ చేసినంత మాత్రాన ఇంకో ఏడాది తగ్గదు. అదే నువ్వు పెద్ద నెట్‌వర్కులు డిజైన్ చేసే వైపో, రీసెర్చ్ వైపో, ఎప్పటికైనా పాఠాలు చెప్పే వైపో వెళ్లాలనుకుంటే మాస్టర్స్ నిజంగా పనికొస్తుంది. ప్రోటోకాల్ (కంప్యూటర్లు మాట్లాడుకునే నియమాలు) అలా ఎందుకు రాశారో, ఎక్కడ దెబ్బతింటుందో ఓపిగ్గా ఆలోచించే తీరు సర్టిఫికేషన్ చదువులో అంతగా రాదు. నీ మాటల్ని బట్టి నీకు ఆ ఆసక్తి ఉందనే నాకనిపిస్తోంది. అందుకే వద్దనడం లేదు, చూసి ఎంచుకోమంటున్నాను.

ఇక డిగ్రీ సంగతి. నువ్వు పంపిన వాటిలో ఒకటి అసలు డిగ్రీయే కాదు. ‘ఎగ్జిక్యూటివ్ పీజీ ప్రోగ్రామ్’ అని ఉంది కానీ, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ‘సర్టిఫికెట్’ అని రాసి ఉంది. అది తప్పేమీ కాదు, కానీ డిగ్రీ ఖరీదు పెట్టి కొనాల్సినది కాదు. మన దేశంలో ఆన్‌లైన్ డిగ్రీ ఇవ్వాలంటే యూజీసీ అనుమతి ఉండాలి. యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో సైట్‌లో ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకు, ఏ సెషన్‌కు అనుమతి ఉందో జాబితా ఉంటుంది. యూనివర్సిటీ పేరు కనబడితే సరిపోదు, నువ్వు చేరే కోర్సు పేరు అందులో ఉండాలి. చేరడానికి నీకు ఆ బ్యూరో ఇచ్చే గుర్తింపు సంఖ్య, డెబ్ ఐడీ, కూడా కావాలి. 2020 యూజీసీ నిబంధనల ప్రకారం ఇంజినీరింగ్ కోర్సుల్ని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపడానికి వీల్లేదు. కాబట్టి ఏ యూనివర్సిటీ అయినా ‘పూర్తి ఆన్‌లైన్ ఎంటెక్’ అంటే అక్కడే ఆగి ఆరా తియ్యి. ఎంసీఏ, ఎమ్మెస్సీల సంగతి వేరు. ఐఐటీలు పార్లమెంటు చట్టం కింద నడిచేవి, డిగ్రీ ఇచ్చే అధికారం వాటికి సొంతంగానే ఉంది. ఐఐటీ కాన్పూర్ సైబర్ సెక్యూరిటీలో ఈ-మాస్టర్స్ నడుపుతోంది. గేట్ అక్కర్లేదు, క్లాసులు శని, ఆదివారాల్లో ఉంటాయి. బిట్స్ పిలానీ వాళ్లయితే 1979 నుంచీ ఉద్యోగస్తులకోసమే విడిగా ప్రోగ్రాములు నడుపుతున్నారు. దానికి ఆఫీసు వాళ్ల అంగీకారం, అక్కడే ఒక మెంటార్ ఉండాలి.

అమెరికా వైపు చూస్తే జార్జియా టెక్ ఆన్‌లైన్ సైబర్ సెక్యూరిటీ మాస్టర్స్ నాకు నచ్చింది. 2019లో మొదలైంది. పది వేల డాలర్ల లోపు ఫీజుతో మొదలుపెట్టారు, ఇప్పుడెంతో వాళ్ల సైట్‌లోనే చూసుకో. అందులో మూడు దారులున్నాయి: ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ, పాలసీ, సైబర్ ఫిజికల్ సిస్టమ్స్. నీకు మొదటిదే. ఒక మాట మాత్రం మీ నాన్నకి కూడా చెప్పు: ఇక్కడ కూర్చుని ఆన్‌లైన్‌లో చదివిన డిగ్రీతో ఎఫ్-1 (విద్యార్థి) వీసా రాదు, చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే ఓపీటీ రాదు. ఆ ఆశతో చేరేటట్టయితే చేరొద్దు. ఇక్కడ పీహెచ్‌డీకో, ప్రభుత్వ ఉద్యోగానికో పనికొస్తుందా అన్నది విదేశీ డిగ్రీల సమానత్వం విషయం. అది డబ్బు కట్టాక కాదు, ముందే కనుక్కోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏ కోర్సు చూసినా సరే, సిలబస్‌తో ఆగిపోకుండా ఒక పాత అసైన్‌మెంట్ షీట్ చూపించమని అడుగు. చూపించడానికి వెనకాడే చోట చేరకు. అసైన్‌మెంట్‌లో నీ చేత ప్యాకెట్లు (నెట్‌వర్క్‌లో తిరిగే డేటా ముక్కలు) పట్టిస్తున్నారా, ఫైర్‌వాల్ రూల్స్ రాయిస్తున్నారా, కోడ్ రాయిస్తున్నారా, ఎవరు దిద్దుతారు, తప్పుకి కారణం రాసి పంపుతారా? ఇవే చూడు.

నీకు కొలబద్ద కావాలి కదా, ఉచితంగానే ఉంది. సిరక్యూజ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ వెన్‌లియాంగ్ డూ 2002లో మొదలుపెట్టిన సీడ్ ల్యాబ్స్ అనే సెక్యూరిటీ అభ్యాసాలు ఎవరైనా చేసుకోవచ్చు. అందులో టీసీపీ (రెండు కంప్యూటర్ల మధ్య కనెక్షన్ కలిపే ప్రోటోకాల్) మీద దాడుల ల్యాబ్ ఒకటుంది. ఒక శనివారం దానికి కేటాయించు. నీ ల్యాప్‌టాప్ లోపలే నడిచే ఒక వర్చువల్ మెషీన్, అందులో విడివిడి కంప్యూటర్లలా పనిచేసే రెండు మూడు కంటైనర్లు. ఒక దాని మీద సిన్ ఫ్లడ్ (పూర్తి చేయని కనెక్షన్ అభ్యర్థనల వరద) వదిలి, ఆ బాధిత మెషీన్‌లో కనెక్షన్లు చూపించే నెట్‌స్టాట్ కమాండ్ కొట్టి చూడు. సగంలో ఆగిన కనెక్షన్లు వరసగా నిండిపోతాయి, వేరే మెషీన్ నుంచి టెల్‌నెట్‌తో లాగిన్ అవ్వబోతే ఎంతసేపటికీ కనెక్ట్ కాదు. తర్వాత ఈ దాడిని తట్టుకునే ఏర్పాటు, సిన్ కుకీస్, ఆన్ చేసి మళ్లీ అదే దాడి చెయ్యి. ఈసారి టెల్‌నెట్ ఠక్కున కనెక్ట్ అవుతుంది. రోజూ మీ నాక్‌లో ‘కనెక్షన్ టైమవుట్’ అని ఫిర్యాదు టికెట్లు మూసేసే నీకు, ఆ టైమవుట్ లోపల ఏం జరుగుతోందో ఆ రోజు కంటికి కనబడుతుంది. డబ్బు తీసుకునే కోర్సు కనీసం ఇంత పని చేయించాలి. ఆ శనివారం సాయంత్రానికి నీకు విసుగొచ్చిందా, ఇంకో ల్యాబ్ చేయాలనిపించిందా అన్నది కూడా గమనించు. నీకు మాస్టర్స్ కావాలా అన్నదానికి నా మాట కన్నా అదే మంచి జవాబు.

ఈ ల్యాబులు ఆఫీసు ల్యాప్‌టాప్ మీద చేయకు. ఆఫీసు నెట్‌వర్క్ మీద సరదాకైనా ఎన్‌మ్యాప్ (నెట్‌వర్క్‌లో ఏ మెషీన్లు, ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో వెతికే టూల్) తిప్పకు. అనుమతి లేకుండా వేరే వాళ్ల సిస్టమ్‌లోకి మోసపు ఉద్దేశంతో వెళ్లావని తేలితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. ఉద్యోగం పోవడం అన్నిటికన్నా ముందు జరుగుతుంది. సొంత ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ పెట్టించుకో.

సిలబస్ తాజాగా ఉందో లేదో ఇలా చూడు. డెస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి గురించి చెప్పడం మంచిదే, 1977 నాటిదైనా పునాది. కానీ టీఎల్‌ఎస్ 1.3 (వెబ్ కనెక్షన్లను రహస్యంగా ఉంచే ప్రోటోకాల్), జీరో ట్రస్ట్ (లోపలివాళ్లనైనా ప్రతిసారీ తనిఖీ చేసే పద్ధతి), 2024లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ ఇచ్చిన పోస్ట్ క్వాంటమ్ (క్వాంటమ్ కంప్యూటర్లకూ లొంగని ఎన్‌క్రిప్షన్) ప్రమాణాలు కనబడకపోతే ఆ సిలబస్‌ని ఎవరూ ముట్టుకోలేదన్నమాట. సైబర్ దాడి లాంటి సంఘటన జరిగాక ఏం చేయాలన్నది కూడా ఉండాలి. మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం ఆరు గంటల్లో రిపోర్ట్ చేయాలి, 180 రోజుల లాగ్స్ (సిస్టమ్‌లు రాసుకునే రికార్డులు) దాచాలి. రేపు మీ ఆఫీసులో ఎవరైనా నిన్నే అడిగేది ఇదే.

నైట్ షిఫ్ట్ గురించి నాకు బెంగగానే ఉంది. వేసవిలో అమెరికా తూర్పు తీరం మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదిన్నర. అక్కడి గడువు అర్ధరాత్రి అంటే నీకు మర్నాడు పొద్దున్నే, నువ్వు షిఫ్ట్ దిగి పీజీ హాస్టల్‌కి చేరి నిద్రకి వాలే సమయం. మొదటి సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్టే తీసుకో. రెండు తీసుకోమని ఎవరు చెప్పినా వినకు. కనీసం ఒక సెమిస్టర్ షిఫ్టులు మారకుండా ఉంచగలరా అని మీ మేనేజర్‌ని చేరకముందే అడుగు. కెమెరా పెట్టి రాసే పరీక్షలకి గదిలో ఇంకెవరూ ఉండకూడదు, మారతహళ్లి పీజీలో ముగ్గురు ఉండే గదిలో అది కుదరదు. పరీక్ష ఉన్న రోజు మా ఇంటికి వచ్చెయ్. పై గదిలో వైఫై బాగుంది, కరెంటు పోయినా యూపీఎస్ ఉంది. మీ మావయ్య టీవీ పెట్టకుండా నేను చూసుకుంటాను.

డబ్బు సంగతి. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అంటే చాలాసార్లు నీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ అప్పు. కోర్సు మధ్యలో మానేసినా ఆ అప్పు ఆగదు, కట్టకపోతే సిబిల్ దెబ్బతింటుంది. అప్పే చేయాలనుకుంటే బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ అడుగు. పాత పన్ను విధానంలో ఉంటే దాని వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుంది. మీ ఆఫీసు ఫీజు ఇస్తానంటే, ఎన్నేళ్లు ఉండాలని రాయించుకుంటారో చదివాకే సంతకం పెట్టు.

కోర్సు అమ్మే ఆ కౌన్సెలర్ ఈ రాత్రిలోగా కడితే తగ్గింపు అంటున్నాడన్నావు. కట్టకు. అడ్మిషన్ గడువు యూనివర్సిటీ సైట్‌లో ఉంటుంది, అదే చూసుకో. అతను మళ్లీ ఫోన్ చేస్తే నాలుగు ప్రశ్నలు అడుగు: డిగ్రీ ఇచ్చేది ఎవరు, పాత అసైన్‌మెంట్ ఒకటి పంపగలరా, పాఠం చెప్పేది యూనివర్సిటీ అధ్యాపకులేనా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు. జవాబులు నోటితో కాకుండా మెయిల్‌లో పంపమను. రాగానే నాకు ఫార్వర్డ్ చెయ్యి, ఇద్దరం కూర్చుని చదువుదాం.

ప్రేమతో,
అత్తయ్య