నేలవేము నూరే అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మాది ఆమదాలవలస. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మొక్కల నుంచి, మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి మందులు కనిపెట్టే పరిశోధన చేస్తానంటోంది. ఇంట్లో నేలవేము ఆకు నూరి, స్పిరిట్‌లో నానబెట్టి, ఫిల్టర్ పేపర్ మీద ఏవో పరీక్షలు చేస్తోంది. చుట్టాలేమో బీఈడీ చేయించమంటున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎమ్మెస్సీకి పంపండి. బీఈడీ ఆ తర్వాతైనా చేయవచ్చు. పీజీ ఉంటే జూనియర్ లెక్చరర్ పోస్టుకూ పనికొస్తుంది. అయితే ఈ రంగంలో పని ఎలా ఉంటుందో మీరిద్దరూ ముందే తెలుసుకోవాలి.

ఎండిన నేలవేము పొడిని ఆల్కహాల్‌లో నానబెట్టి వడకడితే చిక్కటి ఆకుపచ్చ రసం వస్తుంది. అందులో ఎన్నో పదార్థాలు కలగలిసి ఉంటాయి. కంటికి కనబడే పచ్చదనం పత్రహరితానిది. చేదుకు కారణమైన యాండ్రోగ్రఫోలైడ్‌కు రంగే లేదు. గాజు గొట్టంలో సిలికా నింపి, పైన ఆ సారం వేసి, సాల్వెంట్లు (కరిగించే ద్రవాలు) మారుస్తూ పోస్తూ, కింద కారేదాన్ని వరసగా చిన్న సీసాల్లో పట్టాలి. ఒక్కో సీసా నుంచి చుక్క తీసి టీఎల్‌సీ ప్లేటు (సిలికా పలుచగా పూసిన పలక) మీద పెట్టి, సాల్వెంటుతో పైకి నడిపించి, ఆమ్లం చల్లి వేడిచేస్తే, అప్పటిదాకా కనబడని పదార్థం మచ్చగా తేలుతుంది. ఒకే మచ్చ ఇచ్చిన సీసాలను కలిపి, తెల్లటి స్ఫటికాలు తీసేసరికి ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆ తర్వాత మాస్ స్పెక్ట్రోమీటరు అణువు బరువు చెబుతుంది, ఎన్‌ఎంఆర్ అనే మరో పరికరం దాని నిర్మాణం చెబుతుంది. తీరా చూస్తే అది ఎవరో ఎప్పుడో కనిపెట్టేసిన పదార్థమే అవుతుంది. ఇది ఇక్కడ మామూలే. ఆ రోజు ఏడుపొస్తుంది. మర్నాడు మళ్లీ గొట్టం నింపుకోవాలి.

మన గుమ్మాల ముందు పూసే బిళ్లగన్నేరునే చూడండి. దాని నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్‌ను పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు ఇప్పటికీ ఇస్తున్నారు. అదే మొక్క నుంచి 1 గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. మట్టి కథా అంతే. తొలకరి చినుకుకు లేచే మట్టివాసనకు ముఖ్య కారణం స్ట్రెప్టోమైసిస్ వంటి బాక్టీరియా. 1943లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఆ జాతి నుంచే దొరికింది. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధన విభాగంలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టి, 1948లో లోకానికి చెప్పిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా మట్టిలోదే.

ఇక ఉద్యోగం సంగతి. కొత్త మందు కనిపెడుతుందని ఆశలు పెట్టుకోకండి. జీవితమంతా పనిచేసినా ఒక్కటీ మందుల షాపు దాకా చేర్చలేని శాస్త్రవేత్తలే ఎక్కువ. కానీ వేరుచేయడం, గుర్తించడం అనే విద్య చేతికొస్తే అది ఎటూ పోదు. మీకు దగ్గర్లోని పైడిభీమవరం మందుల కంపెనీల్లో క్యూసీ (నాణ్యత పరీక్ష) వాళ్లు హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం) ముందు కూర్చుని చేసేది దాదాపు ఈ పనే.

మొక్కలైతే ఆర్గానిక్ కెమిస్ట్రీ తీసుకోవాలి. మట్టి వైపే మనసుంటే మైక్రోబయాలజీ మేలు, కానీ బీఎస్సీలో ఆమె చదివిన సబ్జెక్టులతో అందులో సీటిస్తారో లేదో ముందే చూసుకోండి. ఐఐటీలకు జామ్, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ, ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయానికీ ఏపీ పీజీసెట్ రాయాలి. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో హైదరాబాద్ ఐఐసీటీ, లక్నో సీడీఆర్‌ఐ లాంటి పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. కోర్సు పేరులో ‘హెర్బల్’ అని ఉంది కదా అని ఎక్కడా డబ్బు కట్టేయకండి. అక్కడి సీనియర్ల దగ్గరికెళ్లి, పరికరాలను మీ చేత్తో నడపనిస్తారా అని అడగండి.

స్పిరిట్ మాత్రం పొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు, ఇది గట్టిగా చెప్పండి. ఫిల్టర్ పేపర్లు పారేయవద్దనండి. ఆకు ఏ రోజు కోసిందో, ఎక్కడ కోసిందో, అప్పటికి మొక్క పూతకొచ్చిందో లేదో పక్కన రాసి నోట్‌బుక్‌లో అంటించమనండి. నేలవేములో ఆ చేదు పదార్థం మొక్క వయసును బట్టి, పూతను బట్టి మారుతుంది.