మండువా ఇంటి కప్పును అట్టతో కట్టబోయే మా అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మన ఊళ్ళోని మండువా ఇంటికి 1:50 కొలతలో అట్ట నమూనా చేయబోతున్నావని మీ నాన్న చెప్పగా విని ఎంతో సంతోషించాను. గోడలు నువ్వు సులువుగానే చేసుకోగలవు. ఆ ఇంటి కష్టమంతా బయటికీ, నడుమ కప్పు లేకుండా తెరిచి ఉన్న మండువాలోకీ రెండు వైపులా వాలిన పెంకుల కప్పులో ఉంది కనుక దాని గురించే రాస్తున్నాను.

ప్లానులో కనిపించే పొడవులను అట్ట మీదికి దించవద్దు. ప్లాను కప్పు నీడను మాత్రమే చూపుతుంది. చూరు నుంచి వెన్ను (రెండు వాలులూ పైన కలిసే అంచు) దాకా అడ్డంగా 2 మీటర్లు, ఎత్తు 1.5 మీటర్లు అనుకుంటే నమూనాలో అవి 40, 30 మిల్లీమీటర్లు. వాలు వెంట అసలు పొడవు 50. వెన్ను కొస నుంచి చూరు మూలకు దిగే గీత ప్లానులో దాదాపు 57 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది కానీ, 40 వర్గాన్ని రెండుసార్లు, 30 వర్గాన్ని ఒకసారి కూడి వర్గమూలం తీస్తే 64 వస్తుంది. ఈ 7 మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోకపోతే నాలుగు మూలల్లోనూ కప్పు నోరు తెరుస్తుంది.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన విషయం చెబుతాను. ప్రతి మూలలోనూ రెండు వెన్నులు, ఒక బయటి మూల గీత, ఒక లోపలి మూల గీత ఒకే బిందువులో కలుస్తాయి. పై కొలతలతో ఆ బిందువు దగ్గర రెండు బయటి వాలు ముక్కల కోణాలు 128.7 డిగ్రీల చొప్పున, లోపలివి 51.3 డిగ్రీల చొప్పున వస్తాయి. నాలుగూ కూడితే సరిగ్గా 360. అంటే ఆ మూలను కత్తెర పెట్టకుండా ఒకే అట్టలో మడిచి తీయవచ్చు: మూడు మడతలు పైకి, మండువా వైపుది ఒక్కటి లోపలికి. బయటి వాలూ లోపలి వాలూ సమానంగా ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది. పాత ఇళ్ళలో అవి తరచూ సమానంగా ఉండవు కాబట్టి, ఊరికి వెళ్ళినప్పుడు రెండింటినీ విడివిడిగా కొలువు. అంతకు ముందు విశాఖ పాత ఊరైన వన్‌టౌన్‌లో మిగిలిన పెంకుటిళ్ళ మూలల్లో వాలులు ఎలా కలుస్తాయో ఒకసారి నిలబడి చూడు.

మొత్తం కప్పును ఒకే ముక్కగా చేద్దామనుకోకు. మడతలు విప్పి పరిస్తే మండువా వైపు వెన్నుల మధ్య కోణం 90 కాక దాదాపు 103 డిగ్రీలు అవుతుంది గనుక నాలుగు మూలలూ చుట్టు తిరిగి కలవవు. ఒక్కో మూలకు ఒక్కో ముక్క చేసి, ప్రతి వైపూ వెన్ను నడుమ, వాలు దిగే దిశలో అతికించు. మూలలో మాత్రం అతుకు పెట్టవద్దు; చూసేవారి కన్ను మొదట పడేది అక్కడే.

అట్ట 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) ఉంటే చాలు. దాన్ని రెండు దిశల్లో వంచి చూస్తే ఒక దిశలో తేలికగా వంగుతుంది; అట్టలోని నార, అంటే పోగు, ఆ మడత వెంటే ఉంటుంది. పొడవైన వెన్ను ఆ మడతకు సమాంతరంగా రావాలి. రెండో వెన్ను తప్పనిసరిగా పోగుకు అడ్డం పడుతుంది కాబట్టి దాని మీద ఇంకు అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్‌తో స్కేలు ఆనించి రెండుసార్లు మెల్లగా గీయి. లోపలికి మడిచే గీతను అట్ట వెనుక వైపు గీయాలి. దాని రెండు కొసల్లో గుండుసూదితో పొడిస్తే వెనుక నుంచి చోటు తెలుస్తుంది.

విశాఖ సముద్రపు గాలికి అట్ట తేమ పీల్చి పోగుకు అడ్డంగా సాగుతుంది. ప్రింటు తీసిన రోజే కత్తిరించు, మిగిలిన ముక్కలను ప్లాస్టిక్ కవరులో ఉంచు. ప్రింటు మీద 100 మిల్లీమీటర్ల గీత ఒకటి వేసి స్కేలుతో సరిచూడనిదే కత్తి పట్టవద్దు. ఫెవికాల్ పలచగా, అగ్గిపుల్ల కొసతో రాయి. ఎక్కువైతే వాలు ఉబ్బుతుంది.

మడిచాక బయటి మూలలో రెండు వాలుల మధ్య లోపలి కోణం దాదాపు 130 డిగ్రీలు ఉండాలి. ఆ కోణానికి ఒక అట్ట ముక్క కోసి, మూల గీతకు లంబంగా లోపల ఆనించి చూడు. నాలుగు మూలలూ దానికి సరిపోయిన తరువాతే ముక్కలను ఒకదానికొకటి అతికించు. కప్పును గోడలకు మాత్రం అంటించకు. అది ఊడి వచ్చేలా ఉంటేనే లోపలి గదులూ మండువా చూపించగలవు.

ఇట్లు,
పెదనాన్న